స్లైడర్ తిరుగుతోంది, కథ ఎక్కడ?

తెలుగు సాహిత్య వెబ్‌సైట్లు పాఠకుడికి ఎంత విలువ ఇస్తున్నాయో తెలుసుకోవాలంటే వాటి సంపాదకీయాలు చదవక్కర్లేదు. హోమ్ పేజీ తెరిచి, తెర మీద మొదటి వాక్యం కనపడేలోపు మన ఫోన్ చేత ఏమేం దింపించారో చూస్తే చాలు. సంపాదకీయంలో పాఠకులు దేవుళ్ళు. దిగిన సరుకు చూస్తే మాత్రం ఐదు ఫోటోలు, ఆ ఫోటోలని తిప్పడానికి ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ, ఆ లైబ్రరీ నడవడానికి ఇంకో లైబ్రరీ, అటో బాణం, ఇటో బాణం. కథ ఎక్కడో అడుగున ఉంటుంది.

ఈ తిరిగే బొమ్మల వరసనే స్లైడర్ అంటున్నాం. అందులో ఏం ఉంటాయో మీకూ తెలుసు. మొదటి బొమ్మలో పుస్తకావిష్కరణ సభ: వేదిక మీద పదకొండు మంది, పదకొండు చేతుల్లో పదకొండు ప్రతులు. రెండోది ఆహ్వానపత్రం, ఫోన్‌లో చూస్తే అక్షరాలు చీమల బారులా ఉంటాయి. మూడోది కొత్త సంచిక ముఖచిత్రం. నాలుగోది గడువు దాటిపోయిన కథల పోటీ ప్రకటన. ఐదోది విరాళం అడిగే బొమ్మ. నాలుగేసి సెకన్లకొకసారి ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. చదవడం మొదలుపెట్టేలోపు జారిపోతుంది, చదివేశాక మళ్ళీ వస్తుంది.

చూడ్డానికి ఎలా ఉందన్న గొడవ నాకొద్దు, ఎవరి అభిరుచి వారిది. నేను పగలు సాఫ్ట్‌వేర్ రాసుకుని, సెలవు రోజుల్లో పుస్తకాల మీద రాసుకునేవాణ్ణి. ఈ రెండు పనులూ కలిసే చోట నాకు కనపడుతున్న అన్యాయం ఒకటుంది, దాని గురించే ఈ వ్యాసం. ఏది పాఠకుడి కోసం ముందే తెచ్చిపెట్టాలి, ఏది అతని దగ్గరే దాచి ఉంచాలి అన్నవి సంపాదకుడు తేల్చాల్సిన విషయాలు. వాటిని మనం వెబ్‌సైట్ థీమ్ అమ్మినవాడికి వదిలేశాం. వాడు బట్టల కొట్టుకీ, పెళ్ళిమండపానికీ, కథల పత్రికకీ ఒకటే థీమ్ అమ్ముతాడు.

రెండు మాటలు ముందు తేల్చుకుందాం. మనం అడగకముందే బ్రౌజర్ ఒక ఫైలుని తెచ్చిపెట్టుకోవడం ప్రీలోడ్. ఒకసారి తెచ్చినదాన్ని పారేయకుండా మళ్ళీ వాడుకోవడం కాష్. సాయంత్రం చుట్టాలొస్తారని పొద్దున్నే రెండు లీటర్ల పాలు ఎక్కువ పోయించుకుంటామే, అది ప్రీలోడ్. వేసవిలో కలిపిన ఆవకాయ ఏడాదంతా జాడీలో ఉండటం కాష్. చుట్టాలు రాకపోతే పాలు విరిగిపోతాయి. ఆవకాయ జాడీని రోజూ ఖాళీ చేసి మర్నాడు మళ్ళీ కలుపుకునే ఇల్లు మాత్రం ఎక్కడా ఉండదు. మన వెబ్‌సైట్లు ఈ రెండు తెలివితక్కువ పనులూ ఒకేసారి చేస్తున్నాయి.

మొదటిది చూద్దాం. స్లైడర్‌లో తెర మీద కనపడేది ఒక్క బొమ్మే. తక్కిన నాలుగూ దాక్కుని ఉంటాయి కాబట్టి వాటి బరువు మన మీద పడదనుకుంటాం. అది నిజం కాదు. మామూలు ఇమేజ్ ట్యాగ్‌తో పెట్టిన బొమ్మని సీఎస్ఎస్‌తో కనపడకుండా చేసినా బ్రౌజర్ దాన్ని దింపుకుంటూనే ఉంటుంది. అదే సమయంలో కథ తాలూకు అక్షరాలు, తెలుగు ఫాంటు, తెర మీద కనపడాల్సిన మొదటి బొమ్మ కూడా అదే సన్నటి దారిలో రావాలి. సంక్రాంతికి తెనాలి బస్టాండులో ఒకే తలుపు దగ్గర ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ తోసుకున్నట్టు అన్నీ తోసుకుంటాయి. ఆ ఫాంటు వచ్చేదాకా కొన్ని బ్రౌజర్లు మూడు సెకన్ల వరకూ అక్షరాలనే చూపించకుండా ఆపుతాయి. సిలికానాంధ్రవాళ్ళు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో 'తెనాలి రామకృష్ణ' అని ఒకటుంది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. అంత వికటకవి కూడా ఈ క్యూలో శాలువాల ఫోటోల వెనక నిలబడాల్సిందే.

ఇప్పుడు చిన్న లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. రెండున్నర వేల మాటల కథ తీసుకోండి. మాటకి సగటున ఎనిమిది గుర్తులు వేసుకుంటే 20 వేల గుర్తులు, అంటే 60 వేల బైట్లు. సుమారు 60 కేబీ. పైగా తెలుగు అక్షరాలకి ఒక సుగుణం ఉంది. ప్రతి గుర్తు మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది ఉన్న రెండింటిలో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉంటే కంప్రెషన్‌కి పండగ. సర్వర్‌లో జీజిప్ ఆన్ చేసి ఉంటే ఆ 60 కేబీ నాలుగో వంతుకో, ఇంకా తక్కువకో దిగుతుంది. దాన్ని కూడా పక్కనపెట్టి, కుదించని 60 కేబీనే లెక్కేద్దాం. సభలో ఎవరో ఫోన్‌తో తీసి, సైజు తగ్గించకుండా ఎక్కించిన ఫోటో 3 ఎంబీ ఉందనుకోండి. ఆ ఒక్క ఫోటో 50 కథల బరువు. అలాంటివి ఐదు పెడితే 250 కథలు. నెలకి ఇరవై రచనలు వేసే పత్రికకి అది ఏడాది సంచికలన్నిటి బరువు కన్నా ఎక్కువ. ఒక్క కథ చదువుదామని వచ్చినవాడి నెత్తిన ముందు ఒక సంవత్సరం బరువు పెట్టి, తర్వాత కథ ఇస్తున్నాం.

ఆ వచ్చినవాడు ఎవడు అన్నది అసలు ప్రశ్న. సంపాదకుల మనసులో ఉన్న పాఠకుడు హైదరాబాదులోనో, డాలస్‌లోనో వైఫై కింద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాడు. నా మనసులో ఉన్నవాడు తెనాలిలో రేపల్లె బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె వెళ్ళే ఈ బ్రాంచి లైను 1916 నాటిది. చివరికి కృష్ణ ఒడ్డు దగ్గర ఆగిపోతుంది. రెండు పక్కలా పొలాలు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రోజూ ఉద్యోగానికో చదువుకో వెళ్ళొచ్చేవాళ్ళకి కావలసినంత తీరిక ఆ బండిలో దొరుకుతుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. కథ చదవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఈ ప్రాంతం చదవనిదేం కాదు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు తెనాలి, చక్రపాణిదీ తెనాలే. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్నది తెనాలిలోనే. అక్కణ్ణుంచి వచ్చిన సాహిత్యానికి వారసులమని చెప్పుకుంటూ, ఆ దారిలో పోయేవాడి ఫోన్‌లో తెరుచుకోని పత్రికలు నడుపుతున్నాం.

పోనీ ఈ బరువంతా ఎవరైనా చూస్తున్నారా? అమెరికాలో నోట్రడామ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ పని చూసిన ఎరిక్ రన్యన్ 2013లో తమ హోమ్ పేజీ స్లైడర్ లెక్కలు బయటపెట్టాడు. వచ్చినవాళ్ళలో దాని మీద నొక్కింది నూటికి దాదాపు ఒక్కరు. ఆ నొక్కినవాళ్ళలోనూ 84 శాతం మొదటి బొమ్మ మీదే నొక్కారు. మన పత్రికల సంగతి దీనికి భిన్నమని ఎవరైనా అంటే వాళ్ళ దగ్గరున్న లెక్కలు బయటపెట్టమనండి, సంతోషంగా చదువుతాను. అందరికీ అందేలా వెబ్ ఉండాలని రాసుకున్న డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో 2.2.2 అని ఒక నియమం ఉంది. దానంతటదే మొదలై, ఐదు సెకన్లకి మించి, పక్కన వేరే విషయం ఉండగా కదిలేదేదైనా సరే, ఆపే వీలు పాఠకుడికి ఇవ్వాలి. మన స్లైడర్లలో ఆపే మీట ఉన్నవి ఎన్నో మీరే వెతకండి. చూపు ఆనక, మెల్లగా కూడబలుక్కుని చదువుకునే పెద్దవాళ్ళకి ఇదెంత ఇబ్బందో ఇంట్లో ఫోన్ ఇచ్చి చూడండి.

ఇక రెండో తెలివితక్కువ పని. దీన్ని తలుచుకుంటే నాకు నిజంగానే కోపం వస్తుంది.

తెలుగు పాఠకుడికి నిజంగా అవసరమైన స్లైడర్ ఒకటుంది. దాన్ని మనం ఆ పేరుతో పిలవం. పాత పత్రికల్ని, పాత పుస్తకాల్ని స్కాన్ చేసి పేజీ తర్వాత పేజీ చూపించే కిటికీ అది. యూనికోడ్‌లోకి రాని మన సాహిత్యం బోలెడు ఇంకా బొమ్మల రూపంలోనే ఉంది. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మ, కింద బాణం గుర్తు, నొక్కితే తర్వాతి పేజీ. ఇంజనీరు కళ్ళతో చూస్తే హోమ్ పేజీలో శాలువాలు తిప్పే యంత్రం, ఈ యంత్రం ఒకటే.

మా మేనమామ రేపల్లెలో ఉంటారు, తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. చిన్నప్పుడు మధ్యలో సంచికలు అందక వదిలేసిన సీరియల్ ఒకటి మళ్ళీ చదవాలని ఆయనకి కోరిక. ఒక డిజిటల్ భాండాగారంలో ఆ వారపత్రిక దొరికింది, టాబ్‌లో తెరిచి ఇచ్చాను. పేజీ తిప్పితే తెల్లటి తెర, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. కాసేపటికి పేజీ. చదివారు. మళ్ళీ తిప్పారు, మళ్ళీ చక్రం. నాలుగో పేజీలో ఒక పాత్ర పేరు దగ్గర తడబడి, వీడెవడని మూడో పేజీకి వెనక్కి వెళ్ళారు. అప్పుడే చదివిన పేజీకి కూడా మళ్ళీ అదే చక్రం. టాబ్ నా చేతిలో పెట్టి, "ఇదేం పుస్తకంరా, పేజీ తిప్పితే వెనక పేజీ చింపి పారేస్తోంది" అన్నారు.

ఇంతకన్నా మంచి సాంకేతిక నివేదిక నేను ఆఫీసులో చూడలేదు. డెవలపర్ టూల్స్ తెరిస్తే ఆయన చెప్పిందే కనపడింది. ప్రతి పేజీ బొమ్మతోపాటు సర్వర్ 'నో-స్టోర్' అని ఒక ఆజ్ఞ పంపుతోంది. ఈ ముక్క ఎక్కడా దాచకు, వాడిన వెంటనే పారెయ్ అని దానర్థం. బ్యాంకు ఖాతా నిలవ చూపించే పేజీకి పెట్టాల్సిన ఆజ్ఞ అది. అరవయ్యేళ్ళ క్రితం అచ్చయి, ఇంక ఎప్పటికీ ఒక్క అక్షరం మారని పేజీకి పెట్టారు. తర్వాతి పేజీని ముందే తెచ్చిపెట్టే ఏర్పాటు అసలే లేదు. అదే సైట్ హోమ్ పేజీలో మాత్రం ఆరు బొమ్మల స్లైడర్ ఉంది. ఆరు బొమ్మలూ మనం అడక్కుండానే ముందుగా దిగిపోతున్నాయి.

ఎక్కడ ప్రీలోడ్ అనవసరమో అక్కడ చేశారు. ఎక్కడ తప్పనిసరో అక్కడ మానేశారు. ప్రీలోడ్ అంటే పాఠకుడు తర్వాత ఏం చేస్తాడన్న దాని మీద పందెం కాయడమే. హోమ్ పేజీకి వచ్చినవాడు మూడో బొమ్మ చూస్తాడన్నది ఓడిపోయే పందెం, నోట్రడామ్ లెక్క చూశాం కదా. పన్నెండో పేజీ చదువుతున్నవాడు తర్వాత పదమూడో పేజీ తిప్పుతాడన్నది దాదాపు ఓడిపోని పందెం. పైగా అతను పన్నెండో పేజీ మీద కనీసం ఒక నిమిషం ఉంటాడు. ఎంత బలహీనమైన సిగ్నల్ ఉన్నా ఆ నిమిషంలో ఒక పేజీ బొమ్మ నింపాదిగా దిగుతుంది. పన్నెండో పేజీ పూర్తిగా వచ్చాక పదమూడు తెచ్చుకో, పదకొండు పారేయకు. ముందొకటి, వెనకొకటి. ఈ నియమం రాయడానికి పది పదిహేను లైన్ల కోడ్ చాలు.

ఈ తెలివి మనకి పరాయిది కూడా కాదు. 1935లో తెనాలి తాలూకా పెదపాలెం గ్రంథాలయం వాళ్ళు, పాతూరి నాగభూషణం గారి పూనికతో, కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఆలోచించి చూడండి, అంత పక్కా ప్రీలోడ్ ఇంకోటి ఉండదు. పడవ ప్రయాణం నెమ్మది. ఎక్కినవాడు దిగేదాకా ఎక్కడికీ పోలేడు, చేతిలో పని ఉండదు. వాడికి పుస్తకం కావాలన్నది గెలిచే పందెం. అందుకే వాడు గ్రంథాలయానికి వచ్చేదాకా ఆగకుండా పుస్తకాన్నే పడవెక్కించారు. ఆ పడవలో ముందు గ్రంథాలయ వార్షికోత్సవం ఫోటోలు చూపించి, అవి చూశాకనే పుస్తకం ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇవాళ మనం చేస్తున్నది అదే.

కాష్‌కి ఉదాహరణ కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. ఇప్పుడది బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం విలువంతా పాత పత్రికల్ని పారేయకపోవడంలో ఉంది. చదవడం అయిపోయిన దినపత్రికని కూడా మళ్ళీ ఎవరికో కావాల్సి వస్తుందని దాచారు. వాళ్ళ చేతిలో 'నో-స్టోర్' ముద్ర ఉండి ఉంటే ఇవాళ పరిశోధకులు అంత దూరం ఎందుకు వెళ్తారు? రేపల్లె లైను మీదే ఉన్న భట్టిప్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో తవ్వి తీసిన ధాతు కరండాల మీది అక్షరాలు రెండు వేల ఏళ్ళకి పైగా అలాగే ఉన్నాయి. మన లిపి చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ ఆ అక్షరాల దగ్గర ఆగకుండా ముందుకెళ్ళరు. ఆ అక్షరాలున్న నేల మీద, అప్పుడే చదివిన పేజీని పది సెకన్లు కూడా దాచుకోలేని భాండాగారాలు కట్టుకున్నాం.

ఈ మాటలు స్నేహితుల దగ్గర ఎత్తినప్పుడల్లా కొన్ని జవాబులు వస్తున్నాయి. వాటినీ చూద్దాం.

"ఇప్పుడు డేటా చవకే కదా, ఎందుకీ గింజులాట?" చవకే. కానీ ధర వేరు, అందుబాటు వేరు. వేమూరు దాటాక సిగ్నల్ పోతే జేబులో ఎన్ని జీబీలు మిగిలి ఉన్నా బొమ్మ దిగదు. ఫోన్ సంగతి కూడా ఉంది. 4000 నిలువు, 3000 అడ్డం పిక్సెళ్ళున్న ఫోటోని పూర్తి సైజులో విప్పితే పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 48 ఎంబీ మెమరీ తింటుంది. అలాంటివి ఐదుంటే 240 ఎంబీ. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ ఏం చేస్తుంది? చోటు కోసం పక్క ట్యాబ్‌లో మీరు సగం చదివిన కథని మూసేస్తుంది. డేటా ఎంత చవకైనా ఆ కథని వెనక్కి తేదు.

"బొమ్మలు లేకుండా పత్రికేమిటి?" బొమ్మల మీద నాకు పగేం లేదు. 1947 జూలైలో మొదలైన చందమామ బొమ్మల పత్రికే. చక్రపాణి దాన్ని ఊహించాడు, 1952 నుంచి 1980లో పోయేదాకా కుటుంబరావు దాన్ని దిద్దాడు. అందులో బొమ్మ ఎక్కడుండేది? కథ పక్కన. ఆ పేజీలో జరుగుతున్నదాన్నే చూపించేది. కథకి ముందు నిలబడి దారి కాసే బొమ్మ అందులో ఉండేది కాదు. మీ కథకి ఒక మంచి బొమ్మ వేయించండి, సైజు తగ్గించి, కథలో దాని చోట పెట్టండి, పాఠకుడు అక్కడికి వచ్చేటప్పటికి దిగేలా చూడండి. 'లేజీ లోడింగ్' అన్న సౌకర్యం 2019 నుంచి క్రోమ్‌లోనే ఉంది. 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ మామూలు బొమ్మలకి దాన్ని తనంతట తనే పెడుతుంది. దాన్ని తప్పించుకుని సొంత పద్ధతిలో అన్నీ ముందే లాగేది మీరు విడిగా తెచ్చిపెట్టుకున్న స్లైడర్ ప్లగినే.

"సభల ఫోటోలు ముందు లేకపోతే పెద్దలు నొచ్చుకుంటారు." ఈ జవాబులో ఉన్న నిజాయితీ నాకు నచ్చుతుంది. అసలు కారణం ఇదేనని నా అనుమానం. స్లైడర్ పాఠకుడి కోసం పెట్టింది కాదు, ఫోటోలో ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. సరే, వాళ్ళకొక పేజీ ఇవ్వండి. 'సభలు' అని లింక్ పెట్టండి. ఫోటోలో ఉన్నవాళ్ళు ఎలాగూ వెతుక్కుని వెళ్తారు.

"దాచుకోనిస్తే కాపీ కొట్టేస్తారండీ." రైట్ క్లిక్ ఆపేసే సైట్లది కూడా ఇదే భయం. తెర మీద కనపడిన బొమ్మ అప్పటికే పాఠకుడి ఫోన్‌లోకి వచ్చేసింది. స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క క్షణం చాలు. దొంగకి 'నో-స్టోర్' అడ్డే కాదు. వెనక పేజీకి వెళ్ళి పాత్ర పేరు చూసుకునే రేపల్లె మాస్టారికి మాత్రం అది గోడ. దొంగని ఆపలేక చుట్టాన్ని ఆపే తాళం ఎందుకు?

"కాష్ పెడితే తప్పు దిద్దినా పాఠకుడికి పాతదే కనపడుతుంది." ఇది అర్థవంతమైన భయం, దీనికి సమాధానం ఎప్పుడో కనిపెట్టారు. 'నో-కాష్' అన్న ఆజ్ఞ ఒకటుంది. పేరు చూసి మోసపోకండి, దాచొద్దని దానర్థం కాదు. దాచుకో, కానీ వాడేముందు నన్నొకసారి అడుగు అని. బ్రౌజర్ తన దగ్గరున్న ప్రతి గుర్తుని, అంటే ఈట్యాగ్‌ని చూపించి అడుగుతుంది. ఏమీ మారకపోతే సర్వర్ '304' అని ఒక చిన్న ముక్క పంపుతుంది, ఒళ్ళంతా మళ్ళీ పంపదు. దిద్దుబాట్లు జరిగే వ్యాసాలకి అది సరిపోతుంది. ఎప్పటికీ మారని స్కాన్ పేజీలకి ఒక ఏడాది గడువు, అంటే 3,15,36,000 సెకన్ల 'మాక్స్-ఏజ్', పక్కన 'ఇమ్యూటబుల్' అని పెట్టొచ్చు. ఎప్పుడైనా మెరుగ్గా స్కాన్ చేస్తే ఫైలు పేరు మార్చి పెట్టండి, పేచీ ఉండదు.

చివరి జవాబు గౌరవించాల్సినది. "మేం జీతాల్లేకుండా, జేబులో డబ్బులతో నడుపుతున్నాం. ఇంజనీర్లని ఎక్కణ్ణుంచి తేం?" నిజమే. తెలుగు వెబ్ పత్రికలు చాలావరకు కొద్దిమంది నిద్ర మానుకుని చేస్తున్న చాకిరీ మీద నడుస్తున్నాయి. ఆ చాకిరీకి నేను నమస్కారం పెడతాను. కానీ నేను అడుగుతున్నది కొత్తగా కట్టమని కాదు, ఉన్నదాంట్లోంచి ఒకటి పీకేయమని. స్లైడర్ తీసేయడానికి ఇంజనీరు అక్కర్లేదు, ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేస్తే పోతుంది. కాష్ ఆజ్ఞలు సర్వర్‌లో నాలుగు లైన్లు, తెలిసినవాడు టీ తాగుతూ రాసిస్తాడు. అవి పెట్టాక ప్రతి పాఠకుడూ ప్రతి పేజీనీ పదేపదే మీ సర్వర్ నుంచి లాగడం మానేస్తాడు కాబట్టి మీ జేబుకే భారం తగ్గుతుంది. ఇంతమంది తెలుగువాళ్ళం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాం. సభలో శాలువా కప్పించుకోవడానికి బదులు నాలుగు లైన్లు రాసిపెట్టమని మమ్మల్ని అడగండి. అడిగితే రాయనివాణ్ణి పేరు పెట్టి తిట్టండి, ఆ వ్యాసం నేనే పంచుతాను.

కాష్‌ని నేను ఇంత పట్టుదలగా సమర్థించడానికి ఇంకో కారణం ఉంది. బాపట్లలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బు కట్టేవాళ్ళం. చదవడానికి టైము చాలదు కాబట్టి కథల పేజీల్ని పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేసుకుని హాస్టల్‌కి తెచ్చుకునేవాళ్ళం. అది మా చేతి కాష్. ఆ సైట్లలో కొన్ని తర్వాత ఆనవాలు లేకుండా పోయాయి, కథలు మాత్రం మా దగ్గర మిగిలాయి. పెద్ద స్థాయిలో కూడా అంతే జరిగింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైట్‌లో పుస్తకాలు పేజీకొక బొమ్మగా ఉండేవి, వాటిని చూడటానికి పడ్డ పాట్లు అప్పటి పాఠకులకి గుర్తే. ఆ సైట్ ఆగిపోయాక ఇవాళ మనం ఆ తెలుగు పుస్తకాలు చదవగలుగుతున్నామంటే కారణం ఒక్కటే. అవి పోకముందే ప్రతులు దింపి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టిన మనుషులున్నారు. దాచుకోనిచ్చిన సాహిత్యం మిగిలింది. కాబట్టి పాఠకుడి ఫోన్‌లో ఒక ప్రతి ఉండిపోతే భయపడాల్సింది లేదు. మీ సర్వర్ కాలిపోయిన రోజున మీ పత్రికని కాపాడేది అదే కావచ్చు.

తరచూ వినపడే ఏడుపు ఒకటుంది: తెలుగు చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని. ఆ మాట అనేముందు సంపాదకులు తమ సైట్‌ని ఒకసారి పరీక్ష పెట్టుకోవాలని నా కోరిక. సమావేశాలొద్దు, తీర్మానాలొద్దు. తెనాలిలో రేపల్లె టికెట్ తీసుకోండి. మామూలు ధర ఫోన్ ఒకటి, వైఫై లేకుండా, ఖాళీ కాష్‌తో తీసుకెళ్ళండి. బండి కదలగానే మీ పత్రిక తెరవండి. వేమూరు వచ్చేలోపు తాజా కథ మొదటి పేరా కనపడితే మీ స్లైడర్ ఉంచుకోండి, నేను నోరెత్తను. కనపడకపోతే భట్టిప్రోలు చేరేలోపు దాన్ని తీసేయండి.